‘నా అంతవాడు లేడు’ అనే మనిషి లోపల

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థిని, క్లినికల్ సైకాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, “బడి జ్ఞాపకాలు అందరూ చెబుతారు, నువ్వు నీ వృత్తికి సంబంధించింది ఏదైనా చెప్పమ్మా” అన్నారు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే మన వాట్సాప్ గ్రూపే దారి చూపించింది. మూడు నెలల్లో మన బ్యాచ్ వాళ్లే ముగ్గురు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. ఒకరు “మా ఆయన నార్సిసిస్టేనా?” అని, ఇంకొకరు “మా ఆఫీసర్ నార్సిసిస్టు, ఏం చెయ్యాలి?” అని. మూడో మెసేజ్ మాత్రం రాత్రి పన్నెండున్నరకు వచ్చింది. “నాకే ఆ జబ్బు ఉందేమో అని భయంగా ఉంది” అని ఉంది అందులో. ఆ మూడో మెసేజ్ కోసమే ఈ అంశం ఎంచుకున్నాను. వాళ్లెవరో వెతక్కండి. వివరాలు మార్చే చెప్పాను.

ముందుగా, ఏది జబ్బు కాదో చెబుతాను. సెల్ఫీలు ఎక్కువ దిగడం జబ్బు కాదు. కొత్త ఇల్లు కట్టి నలుగురికీ చూపించుకోవడం జబ్బు కాదు. “తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు” అని వాదించే బాబాయి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, అదీ జబ్బు కాదు. కొంత ఆత్మాభిమానం లేకపోతే మనిషి పొద్దున లేచి పనికి కూడా వెళ్లలేడు.

నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ అనే పేరు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల రోగ నిర్ధారణ గ్రంథంలోకి 1980లో వచ్చింది. 2013లో వచ్చిన ఐదో కూర్పు ప్రకారం దానికి తొమ్మిది లక్షణాలు. తన గొప్పతనాన్ని ఉన్నదానికన్నా పెంచి చూసుకోవడం. అంతులేని విజయం, అధికారం, అందం గురించిన ఊహల్లోనే ఉండిపోవడం. తన స్థాయి వాళ్లకే తను అర్థమవుతానని నమ్మడం. ఎడతెగని మెప్పు కోరుకోవడం. తనకు ప్రత్యేక మర్యాద రావాల్సిందే అనుకోవడం. ఎదుటివాళ్లను వాడుకోవడం. వాళ్ల బాధ పట్టకపోవడం. అసూయ. అహంకారపు నడత. వీటిలో కనీసం ఐదు ఉండాలి. అవి యవ్వనం నుంచే మొదలై ఇంట్లో, ఆఫీసులో, స్నేహాల్లో అన్నిచోట్లా కనబడాలి. వాటివల్ల ఆ మనిషి బతుకో, చుట్టుపక్కల వాళ్ల బతుకో నిజంగా దెబ్బతినాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వర్గీకరణలో ఇలాంటి వేర్వేరు పేర్లను చాలావరకు తీసేసింది. వ్యక్తిత్వ సమస్య ఎంత తీవ్రంగా ఉందన్నదే ముందుగా చూడమంది. అంటే మాలోనే దీన్ని ఎలా కొలవాలన్నదానిపై చర్చ సాగుతోంది. అలాంటప్పుడు ఒక రీల్ చూసి భర్తకో, కోడలికో ఆ పేరు పెట్టేయడం ఎంత తొందరపాటో ఆలోచించండి. పద్దెనిమిది నిండని పిల్లల మీద ఈ ముద్ర వెయ్యడానికి మేమైతే అసలు తొందరపడం.

ఈ పేరు గ్రీకు కథలోని నార్సిసస్ అనే కుర్రాడి నుంచి వచ్చింది. కొలనులో తన నీడ చూసుకుని, దాన్ని విడిచి రాలేక, అక్కడే నశించాడు. ఫ్రాయిడ్ 1914లో ఈ అంశం మీద పెద్ద వ్యాసం రాశాక ఆ పేరు స్థిరపడింది. మనం కూడా చిన్నప్పుడు రిజర్వాయర్ కట్ట మీద నుంచి వంగి నీళ్లలో మొహాలు చూసుకున్నవాళ్లమే. మనల్ని వెనక్కి లాగడానికి పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్లు. నార్సిసస్‌కు లేకపోయింది.

మనకు దీనికన్నా దగ్గరి కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. యయాతి మహారాజు స్వర్గానికి వెళ్లాడు. తపస్సులో నీకు సాటి ఎవరని ఇంద్రుడు అడిగాడు. దేవతల్లో, మనుషుల్లో, ఋషుల్లో నాకు సాటి ఎవరూ లేరన్నాడు యయాతి. ఆ ఒక్క మాటతో పుణ్యం క్షీణించి స్వర్గం నుంచి పడిపోయాడు. చాలామంది ఇక్కడే కథ ఆపేస్తారు, “చూశావా, గర్వం పనికిరాదు” అని. ఆ తర్వాతి భాగం నాకు ముఖ్యం. పడిపోయే ముందు యయాతి ఒక కోరిక కోరాడు. పడితే మంచివాళ్ల మధ్య పడాలని. అలాగే తన కూతురి కొడుకుల మధ్య పడ్డాడు. ఈ కథ దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ మనిషికి తన మీద తనకు ప్రేమ ఎక్కువా? నేను కూడా చదువుకునే రోజుల్లో అలాగే అనుకున్నాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని విన్నాక తెలిసింది, సమస్య తిరగబడి ఉంది. చిల్లు కుండను ఊహించుకోండి. ఎన్ని బిందెలు పోసినా నిలవదు. మెప్పు అనే నీళ్లు పొద్దున పోస్తే సాయంత్రానికి ఖాళీ. అందుకే ఇంకా కావాలి, ఇంకొకరి దగ్గర కావాలి, పక్కవాడికి పోస్తే ఓర్చుకోలేడు. కుండ ఖాళీ అయినప్పుడు లోపల కనిపించేది సిగ్గు. తప్పు చేశానన్న సిగ్గు కాదు, నేనే తప్పు, నేనే పనికిరానివాణ్నన్న సిగ్గు. దాన్ని ఒక్క క్షణం కూడా భరించలేక కోపంగానో, వెటకారంగానో, మౌనంగానో ఎదుటివాళ్ల మీదికి విసిరేస్తాడు.

అందరూ గట్టిగా గొప్పలు చెప్పేవాళ్లే అయి ఉండరు. రెండో రకం వాళ్లు సభలో వెనక వరుసలో, మాట్లాడకుండా ఉంటారు. “నా విలువ వీళ్లకు తెలియదు” అని లోలోపల కుమిలిపోతుంటారు. చిన్న మాటకు నెలల తరబడి అలుగుతారు. ఒకే మనిషిలో ఈ రెండూ మారిమారి వస్తుంటాయి. వ్యాపారం బాగున్నప్పుడు మొదటిది, దెబ్బ తిన్నప్పుడు రెండోది.

వైద్యం ఎలా చెయ్యాలన్న దానిపై ఇద్దరు పెద్దల మధ్య చాలా కాలం వాదం నడిచింది. ఇద్దరూ వియన్నాలో పుట్టినవాళ్లే, ఇద్దరూ యూదులే, నాజీల వల్ల ఊరు వదిలి చివరికి అమెరికా చేరినవాళ్లే. హైన్జ్ కోహట్ 1971లో తన మొదటి పుస్తకం ప్రచురించాడు. చిన్నతనంలో తనను తనుగా చూసే కళ్లు దొరకని పిల్లవాడు పెద్దయ్యాక కూడా వాటి కోసమే వెతుకుతాడు, కాబట్టి వైద్యుడు ముందు అతన్ని అర్థం చేసుకోవాలి అన్నాడు. ఒట్టో కెర్న్‌బర్గ్ 1975లో తన పుస్తకం తెచ్చాడు. ఆ గొప్పతనం ఒక కోట, దాని వెనక కోపం, అసూయ దాగి ఉన్నాయి, వాటిని ఎత్తి చూపకపోతే కోట పడదు అన్నాడు. ఒకరు దగ్గరికి తీసుకోమన్నారు, ఒకరు నిలదీయమన్నారు. ఇద్దరిలో ఎవరిది ఎప్పుడు పనికొస్తుందో నాకు పుస్తకంలో అర్థం కాలేదు. ఒక మనిషి దగ్గర తప్పు చేసి నేర్చుకున్నాను.

ఇది ఒక్కరి కథ కాదు. చాలామందివి కలిపి, గుర్తులు మార్చి చెబుతున్నాను. నలభై దాటిన ఆయన, సొంత వ్యాపారం. భార్య పుట్టింటికి వెళ్లిపోతానంది, నిద్ర పట్టడం లేదు, అందుకే వచ్చాడు. ఇలాంటివాళ్లు “నాకు ఈ జబ్బు ఉంది” అని దాదాపుగా రారు. డిప్రెషన్ అనో, మద్యం అనో, ఇంట్లో వాళ్ల బలవంతం మీదో వస్తారు. రాగానే గోడమీది నా సర్టిఫికెట్లు చదివాడు. “ఎక్కడ చదివారు మేడమ్?” అన్నాడు. వైరా అన్నాను. “ఓహో, తెలుగు మీడియమా” అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఊరుకున్నాననుకున్నాను.

ఆరోసారి వచ్చినప్పుడు కూతురి సంగతి చెప్పాడు. డ్యాన్స్ పోటీలో రెండో బహుమతి వచ్చిందట. ఇంటికి వచ్చే దారి పొడుగునా కారులో పాపతో ఒక్క మాట మాట్లాడలేదట. “మాట్లాడితే తిట్టేవాణ్ని, అందుకే మంచితనంగా ఊరుకున్నా” అన్నాడు. నేను వెంటనే అన్నాను: “మీ పాపకు కావాల్సింది తండ్రా, జడ్జా?”

ఆయన లేచి, రావాల్సిన ఫీజుకు రెట్టింపు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మా వృత్తిలో ఎంత అనుభవం ఉన్నా ఒక సీనియర్ దగ్గర మన పని గురించి చర్చించుకునే పద్ధతి ఉంది. నా సీనియర్ అంతా విని ఒకటే అడిగారు: “ఆ మాట ఆయన కోసం అన్నావా, నీ కోసం అన్నావా?” జవాబు నాకు తెలుసు. మాటలో తప్పు లేదు. కానీ తెలుగు మీడియం అన్న మాట ఆరు వారాలుగా నాలో అలాగే ఉంది. నేను గెలవడానికి అన్నాను. ఆయన నాలో లేపిన చిన్నతనాన్ని నేను తిరిగి ఆయనకే ఇచ్చేశాను. ఆయన ఇంట్లో చేసేదీ అదే.

ఏడు నెలల తర్వాత వ్యాపారంలో పెద్ద నష్టం వచ్చి ఆయన మళ్లీ వచ్చాడు. అలాంటి దెబ్బ తగిలినప్పుడు ఈ మనుషులు చాలా ప్రమాదంలో ఉంటారు. పరువు పోయిన బతుకు ఎందుకన్న ఆలోచన గబుక్కున వస్తుంది. పైకి ధీమాగా కనిపిస్తున్నాడు కదా అని వదిలేయకూడదు. అందుకే ముందు ప్రాణం సంగతి అడిగాను, సూటిగా. సైకియాట్రిస్టు దగ్గరికి పంపి డిప్రెషన్‌కు మందులు వాడించాం. ఈ వ్యక్తిత్వ రుగ్మతకంటూ ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. దానితో పాటు వచ్చే డిప్రెషన్‌కు, ఆందోళనకు మందులు పనిచేస్తాయి. మిగతాదంతా మాటలతో, నెలలూ ఏళ్లూ పట్టే పని.

రెండో పని, నా తప్పు ఒప్పుకోవడం. “ఆ రోజు నేను అన్న తీరు మీకు నొప్పి కలిగించింది, అది నా పొరపాటు” అన్నాను. ఆయన చాలాసేపు నా వైపు చూశాడు. తప్పు ఒప్పుకుని కూడా కుర్చీలో నిటారుగా కూర్చోగలిగిన మనిషిని ఆయన ఎక్కువగా చూసినట్టు లేదు.

తర్వాత జరిగిందంతా నెమ్మది. కొన్నాళ్లు నా అంత డాక్టరు లేదన్నాడు. నేను వారం సెలవు పెట్టగానే నాకు పని రాదన్నాడు. ఆకాశానికి ఎత్తడం, నేలకు కొట్టడం. బయట అందరితో చేసేదే గదిలో నాతోనూ చేస్తాడు. వైద్యానికి అదే అవకాశం. “నేను సెలవు పెట్టినప్పుడు మీకు లోపల ఏమైంది?” అని అక్కడికక్కడే కలిసి చూస్తాం. ఇలా వైద్యుడితో బంధాన్నే పరిశీలించే పద్ధతి ఒకటి ఉంది. కెర్న్‌బర్గ్ బృందం రూపుదిద్దింది. స్కీమా థెరపీ అని ఇంకొకటి, జెఫ్రీ యంగ్ రూపొందించింది. గొప్పతనపు వేషం వెనక ఒంటరిగా ఉన్న పిల్లవాడిని పలకరించడం అందులో ప్రధానం. ఏ పద్ధతికైనా నియమాలు ఒకటే: సమయానికి రావాలి, ఫీజు అందరికీ ఒకటే, అరిస్తే ఆపుతాను, పొగిడితే పొంగిపోను. అర్థం చేసుకోవడం ముందు, ఎత్తి చూపడం తర్వాత, రెండూ ఆ మనిషి కోసమే. కోహట్, కెర్న్‌బర్గ్ ఇద్దరూ నాకు అప్పుడు అర్థమయ్యారు.

రెండో ఏడాది ఒకరోజు ఇంటర్మీడియెట్ రోజుల గురించి చెప్పాడు. ఊళ్లో పదో తరగతి ఫస్టు. తండ్రి వీధంతా స్వీట్లు పంచాడు. హాస్టల్లో చేర్చాడు. ప్రతి ఆదివారం తండ్రి క్యారేజీ తెచ్చేవాడు. నెలవారీ పరీక్షలో ర్యాంకు పద్నాలుగుకు పడింది. ఆ ఆదివారం తండ్రి రాలేదు. పై ఆదివారం కూడా. మూడు ఆదివారాలు గేటు దగ్గర నిలబడ్డాడు. నాలుగో వారం మళ్లీ ఫస్టు వచ్చింది, క్యారేజీ వచ్చింది. ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. చెప్పడం ఆపి కాసేపు కిటికీ వైపు చూశాడు. తర్వాత అన్నాడు: “ఆ రోజు కారులో... నేను కూడా ఆదివారం రాలేదు మేడమ్.”

ఆ తండ్రి చెడ్డవాడని నేననను. బహుశా మిర్చి ధర పడిపోయి బస్సు ఛార్జీలకు లేక రాలేదేమో, మనకు తెలియదు. పిల్లవాడికి అర్థమైంది మాత్రం ఒకటే: ర్యాంకు ఉంటేనే నేను ఉన్నాను.

ఈ రుగ్మత ఎందుకొస్తుంది అంటే ఒక్క కారణం చెప్పలేం. పుట్టుకతో వచ్చే స్వభావం పాత్ర ఉంది, పెంపకం పాత్ర ఉంది. గాయపడ్డ పిల్లలందరూ ఇలా కారు. అయితే 2015లో నెదర్లాండ్స్‌కు చెందిన ఎడీ బ్రుమల్‌మన్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన ఒకటి ఇక్కడున్న టీచర్లకు, తల్లిదండ్రులకు చెప్పాలి. ఏడు నుంచి పదకొండేళ్ల లోపు పిల్లలు 565 మందిని, వాళ్ల తల్లిదండ్రులను కొంతకాలం వరుసగా గమనించారు. మా పిల్లవాడు మిగతా పిల్లలకన్నా గొప్పవాడు, ప్రత్యేకుడు అని ఎంచే ఇళ్లలో తర్వాత్తర్వాత పిల్లల్లో ఆత్మమోహ లక్షణాలు పెరిగాయి. ప్రేమగా, ఆప్యాయంగా ఉండే ఇళ్లలో పెరిగింది ఆత్మగౌరవం. అంటే ముద్దు చేస్తే పిల్లలు చెడిపోతారన్న భయం అక్కర్లేదు. పోల్చి పొగడటం దగ్గరే జాగ్రత్త పడాలి. “ఈ లెక్కకు మూడు దారులు ప్రయత్నించావు, బాగుంది” అనడం వేరు, “నీ అంతవాడు ఈ బడిలోనే లేడు” అనడం వేరు. రెండో మాట ఇంద్రుడి ప్రశ్న లాంటిది. ఆ పిల్లవాణ్ని ఎత్తున కూర్చోబెట్టి, పడిపోవడానికి సిద్ధం చేస్తుంది.

ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నవాళ్లకు, పనిచేస్తున్నవాళ్లకు రెండు మాటలు. వాళ్ల లోపల బాధ ఉందని ఇంతసేపూ చెప్పాను. దానర్థం మీరు భరించాలని కాదు. భార్య వైద్యురాలు కాదు. అర్థం చేసుకుంటే మారతాడని ఏళ్లకేళ్లు తనను తను అరగదీసుకోవాల్సిన పని లేదు. వాదించి గెలవాలని చూడకండి. “ఇలా అరిస్తే నేను ఈ గదిలో ఉండను” అని ప్రశాంతంగా చెప్పి, చెప్పినట్టే చెయ్యండి. పుట్టింటివాళ్లతో, స్నేహితులతో సంబంధాలు తెంచుకోకండి. చెయ్యి లేస్తే అది జబ్బు సంగతి కాదు, మీ రక్షణ సంగతి. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. మనసు బాగాలేనివాళ్లు ఎవరైనా, ఏ వేళలోనైనా 14416కు ఫోన్ చేయొచ్చు. అది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

రాత్రి పన్నెండున్నరకు మెసేజ్ పెట్టినవాళ్లకు నేను రాసింది ఇది: “ఆ ప్రశ్న నువ్వే వేసుకున్నావంటే, తలుపు లోపలి నుంచి కొంచెం తెరుచుకుంది. అది జబ్బో కాదో కూర్చుని చూద్దాం. రా.”

నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. తొమ్మిదో తరగతిలో నాకు లెక్కల్లో ఇరవై రెండు మార్కులు వచ్చాయి. అంతకుముందు తొంభై తగ్గని పిల్లను. మా లెక్కల సారు పేపరు నా చేతికిచ్చి తిట్టలేదు, ఓదార్చలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక పక్కన కూర్చోబెట్టుకుని, “ఎక్కడ దారి తప్పావో చూద్దాం పట్టు” అన్నారు. మర్నాడు రోజూలాగే చాక్‌పీసులు తెమ్మని నన్నే పంపారు. మార్కులు మారాయి గానీ సారు చూపు మారలేదు. ఆ చూపు ఎంత విలువైనదో, అది దొరకని మనుషుల ఎదుట ఏళ్ల తరబడి కూర్చున్నాక తెలిసింది. సారు ఈ సభలోనే ఉన్నారు. పేరు చెబితే ఆయనకు నచ్చదు.

నేను చెప్పిన ఆయన పూర్తిగా మారిపోయారా అంటే, లేదు. ఇప్పటికీ గొప్పలు చెబుతాడు. మధ్యలో తనే ఆగి నవ్వుతాడు. పాపకు క్షమాపణ చెప్పాడు. భార్య సంగతి అడగకండి, అది ఆవిడ నిర్ణయం. కిందటేడాది వాళ్ల బడి పూర్వ విద్యార్థుల సమావేశానికి పిలుపొచ్చింది. పోను అన్నాడు. “అందరూ నన్ను ఫస్టు ర్యాంకువాడుగా గుర్తుపెట్టుకున్నారు. ఇప్పుడు అప్పుల్లో ఉన్నవాడుగా చూస్తారు” అన్నాడు. అప్పుడు యయాతి కథ చెప్పాను. స్వర్గం నుంచి పడ్డ తాతకు మనవళ్లు తమ పుణ్యం ఇస్తామంటే, ముందు ఆయన తీసుకోనన్నాడు. పడ్డాక కూడా ఒకరి దగ్గర చెయ్యి చాపడం అంత కష్టం. చివరికి వాళ్లతో కలిసే మళ్లీ పైకి వెళ్లాడు. “పడ్డం అయిపోయింది కదండీ, ఎవరి మధ్య పడాలో చూసుకోండి” అన్నాను.

ఆయన వెళ్లాడు. వెనక బెంచీలో కూర్చున్నాడట. ఎవరూ ర్యాంకు అడగలేదట. పప్పు, ఆవకాయ బాగున్నాయని చెప్పాడు.

ఈ రోజు ఇక్కడికి రావడానికి వెనకాడి, బస్టాండు దాకా వచ్చి ఆగిపోయినవాళ్లు మన బ్యాచ్‌లలోనూ ఉండే ఉంటారు. భోజనాల తర్వాత వాళ్లకు ఒక ఫోన్ చెయ్యండి. ఏం చేస్తున్నావు, ఎంత సంపాదించావు అని అడగొద్దు. వచ్చి కూర్చోమనండి.

సెలవు.